నమ్‌పై 2 తెచ్చిన చిక్కు, నేను విప్పుకున్న తీరు

తాతయ్య ఉత్తరాల ఫొటోలను సరిచేసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ నాకొకటి ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లో రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌తో (ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీల జాబితా) అన్నీ ఇన్‌స్టాల్ చేశాను. ఒక్క తప్పు కూడా చూపలేదు. తీరా రన్ చేస్తే, ఫొటోల పని చేసే ఓపెన్‌సీవీ లైబ్రరీని ఇంపోర్ట్ చేసే లైన్ దగ్గరే ఆగిపోయింది. చివర్లో ‘మల్టీఅర్రే ఫెయిల్డ్ టు ఇంపోర్ట్’ అని ఉంది.

అది చూసి ఓపెన్‌సీవీని మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను. ఫలితం లేదు. ఒకటే టెన్షన్. అప్పుడు ఎర్రర్‌ను పైనుంచి చదివాను. అసలు సంగతి అక్కడుంది: నమ్‌పై 1తో కంపైల్ చేసిన మాడ్యూల్ నమ్‌పై 2లో నడవదట. నమ్‌పై అంటే పైథాన్‌లో అంకెల లెక్కలు చేసే లైబ్రరీ; ఓపెన్‌సీవీ దానిమీదే ఆధారపడుతుంది.

2024 జూన్‌లో వచ్చిన నమ్‌పై 2.0లో, సీ భాషలో రాసిన లైబ్రరీలు దానితో కలిసే పద్ధతే మారింది. నా ఫైల్‌లో ఓపెన్‌సీవీకి 4.9 అని వెర్షన్ రాశాను, నమ్‌పైకి రాయలేదు. ఆ పాత ఓపెన్‌సీవీ కూడా ‘నమ్‌పై ఫలానా వెర్షన్ దాటకూడదు’ అని చెప్పదు. అందుకే పిప్ (పైథాన్ లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే టూల్) కొత్త నమ్‌పైని తెచ్చిపెట్టింది. దాని తప్పేమీ లేదు.

పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ఈ ప్రోగ్రామ్ లైబ్రరీలను విడిగా ఉంచే చోటు) పూర్తిగా తీసేసి కొత్తది చేశాను. రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో నమ్‌పై పేరు పక్కన <2 (అంటే 2 కంటే పాత వెర్షన్) అని చేర్చి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. 1.26.4 వచ్చింది, ప్రోగ్రామ్ నడిచింది. ఓపెన్‌సీవీని 4.10కి మార్చినా సరిపోయేది. నాకు మాత్రం పాత ఫలితాలే తేడా లేకుండా కావాలి. పిప్ ఫ్రీజ్ అనే కమాండ్‌తో అన్ని వెర్షన్లూ ఒక ఫైల్‌లో రాయించి, ఆ ఫైల్‌ను ఫొటోల పక్కనే దాచాను.