పిల్లల పళ్లకు క్లిప్పులు వేయించాలనుకునే విశాఖ తల్లిదండ్రులకు

పళ్లకు క్లిప్పులు వేయించడం ఒక పూటలో తేలిపోయే పని కాదు. చాలామంది పిల్లల్లో ఈ చికిత్స ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా సాగుతుంది. ఆ కాలమంతా నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి క్లినిక్‌కు వెళ్లవలసి ఉంటుంది కాబట్టి, బిడ్డ పదిహేను ఇరవై సార్లయినా అదే గడప తొక్కుతుంది. అందుకే మెటల్ క్లిప్పులా, సెరామిక్ క్లిప్పులా, పళ్లకు తొడిగి తీసే పారదర్శకమైన అలైనర్లా అని ఆలోచించడానికి ముందే, ఆ గడప లోపల ఉండే మనుషులు ఎవరు, వారు మన బిడ్డతో ఎలా మాట్లాడతారు అన్నది తేల్చుకోవాలని నా అభిప్రాయం. మా అమ్మాయికి ఒక చోట చికిత్స మొదలుపెట్టించి, ఏడు నెలల తరువాత అక్కడ మానిపించి, సీతమ్మధార వైపు ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో పూర్తిచేయించాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ఏ వయసులో చూపించాలి

"పాలపళ్లన్నీ ఊడి కొత్తవి వచ్చాక చూద్దాంలే" అన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. క్లిప్పుల వరకు ఆ మాట చాలాసార్లు సరిపోతుంది కాని, దవడ విషయంలో సరిపోదు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ పిల్లలకు 7 ఏళ్లు వచ్చేసరికి ఒకసారి పరీక్ష చేయించమని సూచిస్తుంది. ఆ వయసులోనే క్లిప్పులు వేయించమని దాని అర్థం కాదు. అప్పటికి మొదటి శాశ్వత దవడపళ్లు, కొన్ని ముందుపళ్లు వచ్చి ఉంటాయి కనుక పైదవడ, కిందిదవడ ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయో డాక్టరుకు తెలుస్తుంది. పైదవడ బాగా వెనకబడి ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే పని మొదలుపెట్టవలసి వస్తుంది. కిందిదవడ వెనక్కి ఉండి పైపళ్లు ఎత్తుగా కనిపించే పిల్లలకు, బిడ్డ ఒక్కసారిగా పొడుగు సాగే కాలంలో ట్విన్ బ్లాక్ వంటి తీసి పెట్టుకునే పరికరాలు బాగా పనిచేస్తాయి. ఆడపిల్లల్లో ఆ కాలం మగపిల్లల కంటే ముందే వచ్చి వెళ్లిపోతుందని గుర్తుంచుకోవాలి. బొటనవేలు చప్పరించే అలవాటు మానని పిల్లలను, ఎప్పుడూ నోటితో గాలి పీల్చే పిల్లలను కూడా ఆలస్యం చేయకుండా చూపించడం మంచిది.

మరోవైపు, 8 నుంచి 11 ఏళ్ల మధ్య పైన రెండు ముందుపళ్ల నడుమ సందు కనిపిస్తే కంగారు పడవలసిన అవసరం సాధారణంగా ఉండదు. లోపల కోరపళ్లు దిగుతూ పక్కపళ్ల వేళ్లను నొక్కడం వల్ల ఆ సందు ఏర్పడుతుంది, అవి బయటికి వచ్చేసరికి చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. ఇలాంటప్పుడు "ఇప్పుడేమీ వద్దు, ఆరు నెలల తరువాత రండి" అని పంపించే డాక్టరును వదులుకోకండి. ఆదాయం వచ్చే పనిని తనంత తానే వాయిదా వేసిన మనిషి ఆయన.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఐదేళ్ల బీడీఎస్ చదివిన ప్రతివారూ దంతవైద్యులే. కాని దవడల పొందికను, పళ్ల వరుసను సరిచేయడంలో ప్రత్యేకంగా మరో మూడేళ్లు ఎండీఎస్ చదివినవారిని ఆర్థోడాంటిస్టులంటారు. బోర్డు మీద ఎండీఎస్ అని ఉంటే చాలదు, ఎందుకంటే చిగుళ్లకు, రూట్ కెనాల్‌కు, పిల్లల దంతవైద్యానికి కూడా వేరువేరు ఎండీఎస్‌లు ఉన్నాయి. "మీరు చదివింది ఆర్థోడాంటిక్సేనా అండీ?" అని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగవచ్చు.

ద్వారకానగర్, డాబాగార్డెన్స్, ఎంవీపీ కాలనీ, గాజువాక, మధురవాడ, ఎటు వెళ్లినా మన ఊళ్లో పళ్ల ఆసుపత్రులకు కొదవ లేదు. వాటిలో చాలాచోట్ల ఆర్థోడాంటిస్టు రోజూ ఉండరు, నిర్ణీత రోజుల్లో వచ్చి చూసి వెళతారు. అది తప్పేమీ కాదు, ఆ పద్ధతిలో మంచి చికిత్స అందుకున్న పిల్లలు ఎంతోమంది ఉన్నారు. నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ఆ సంగతి ముందుగా అడగకపోవడం. ఏడు నెలల్లో మా అమ్మాయి నోటిని ముగ్గురు వేరువేరు డాక్టర్లు చూశారు. ఒక శుక్రవారం సాయంత్రం వైరు కొస బయటికి వచ్చి బుగ్గ లోపల గుచ్చుకుంటుంటే, ఫోన్ చేసినందుకు "డాక్టరుగారు పంతొమ్మిదో తారీఖున వస్తారు, అప్పుడు తీసుకురండి" అన్నారు. అది నెల మొదటి వారం. కాబట్టి మూడు ప్రశ్నలు తప్పకుండా అడగండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే డాక్టరు చూస్తారా? వారు ఏయే రోజుల్లో ఉంటారు? వారు లేని రోజున వైరు గుచ్చుకున్నా, క్లిప్పు ఊడినా ఎవరు చూస్తారు? ఈ మూడో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు వచ్చే చోటునే నేను నమ్ముతాను.

ఖర్చు భారమయ్యే కుటుంబాలు రుషికొండలోని గీతం డెంటల్ కాలేజీ ఆసుపత్రిని, సంగివలసలోని అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీని కూడా పరిశీలించవచ్చు. ఇలాంటి బోధనాసుపత్రుల్లో ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు చికిత్స చేస్తారు. ప్రతిసారీ సమయం ఎక్కువ పడుతుంది, కాని ఒక్కో అడుగునూ పైవారు సరిచూస్తారు. పీజీ కోర్సు మూడేళ్లే కనుక, మీ బిడ్డను చూసే విద్యార్థి చదువు ముగించి వెళ్లిపోతే కేసు ఎవరికి అప్పగిస్తారో మాత్రం తెలుసుకోండి.

మొదటి సందర్శనలో ఏం జరగాలి

నోరు చూసిన పది నిమిషాలకే క్లిప్పులు అతికించడానికి సిద్ధపడే చోట ఆగి ఆలోచించండి. పళ్లన్నీ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, దవడల పొందికను కొలవడానికి పక్కనుంచి తీసే తల ఎక్స్‌రే, ముఖం ఫొటోలు, పళ్ల అచ్చులు లేదా స్కాన్, ఇవన్నీ చూశాకే డాక్టరు ప్రణాళిక చెప్పాలి. కేసు షీటు మీద 'క్లాస్ 2' అని రాసి ఉంటే అది జబ్బు తీవ్రత అనుకుని భయపడకండి. ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్ వైద్యుడు 1899లో చేసిన వర్గీకరణ అది. పై కింది దవడపళ్లు సరిగ్గా కలిసి, మిగతా పళ్లు మాత్రమే వంకరగా ఉంటే క్లాస్ 1, కిందివి వెనక్కి ఉంటే క్లాస్ 2, ముందుకు ఉంటే క్లాస్ 3.

తల్లిదండ్రులను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది పళ్లు తీయించడమనే మాట. పళ్లు ఇరుకుగా ఉన్నప్పుడు, లేదా బాగా ఎత్తుగా ఉన్నప్పుడు వాటిని వెనక్కి జరపడానికి చోటు కావాలి. అందుకోసం కోరపంటి వెనక ఉండే చిన్న దవడపళ్లలో నాలుగింటిని తీయించడం ఎంతో కాలంగా ఉన్న పద్ధతి. ఆ చోటు చికిత్స ముగిసేసరికి మూసుకుంటుంది. తీయకుండా చేస్తే ఏమవుతుంది, తీస్తే ఏమవుతుంది అన్నది మీ బిడ్డ ఎక్స్‌రే మీదనే చూపించమని అడగండి. డాక్టరు విసుక్కోకుండా చూపిస్తే మీ భయం సగం తగ్గుతుంది.

డబ్బు సంగతి కాగితం మీద రాయించుకోవాలి. ఎక్స్‌రేలు, పళ్లు తీయడం, ఊడిన క్లిప్పు మళ్లీ అతికించడం, సరిచేసిన పళ్లు మళ్లీ జరగకుండా చివర్లో ఇచ్చే రిటైనర్లు మొత్తంలో కలిసి ఉన్నాయా, విడిగా ఇవ్వాలా అన్నది స్పష్టంగా ఉండాలి. మన ఊళ్లో నేవీ, రైల్వే, బ్యాంకు ఉద్యోగుల కుటుంబాలకు బదిలీలు మామూలే కనుక, మధ్యలో ఊరు మారితే రికార్డులు ఇస్తారా, మిగిలిన పనికి లెక్క ఎలా కడతారు అని కూడా ఆ రోజే అడగడం మేలు.

డాక్టరు ఒక్కరే చేసే పని కాదు

మేము రెండోసారి వెళ్లిన క్లినిక్‌లో నన్ను మొదట ఆకట్టుకున్నది అక్కడి అసిస్టెంటు. ఆమెది శ్రీకాకుళం వైపు, వయసు యాభై దాటి ఉంటుంది. పాత చోట గుచ్చుకున్న వైరు భయంతో మా అమ్మాయి నోరు తెరవడానికే ఒప్పుకోలేదు. ఆమె తొందరపెట్టలేదు. చిన్న అద్దం పాప చేతికే ఇచ్చి, "నువ్వే సూడు తల్లీ, నేనేటి సేస్తన్నానో. నొప్పొస్తే సెయ్యెత్తు, ఆపేస్తాను" అన్నారు. పాప రెండుసార్లు చెయ్యి ఎత్తింది. రెండుసార్లూ ఆమె నిజంగానే ఆపారు. మూడోసారి ఆ అవసరం రాలేదు.

అక్కడ చికిత్స మొదలుపెట్టిన రోజు కూడా ఆమే పాపను వాష్ బేసిన్ ముందు నిలబెట్టి, పళ్ల మీద పాచి ఎక్కడుందో తెలిపే రంగు మందు రాసి, చిగురుకూ క్లిప్పుకూ మధ్య సన్నని గీతలా మిగిలిన ఊదారంగు పోయేదాకా తోమించారు. ఇంట్లో నేను నెలల తరబడి చెప్పిన దానికంటే ఆ పావుగంట ఎక్కువ పనిచేసింది. అందుకే క్లినిక్ చూడటానికి వెళ్లినప్పుడు డాక్టరు మాటలతో పాటు, కుర్చీ పక్కన నిలబడే మనిషి పిల్లలను పేరు పెట్టి పిలుస్తున్నారా, చేతికి తొడుగులు మారుస్తున్నారా, పరికరాలను స్టెరిలైజ్ చేసిన మూసి ఉన్న కవరులోంచి మన ఎదుటే తీస్తున్నారా అన్నది గమనించండి. రిసెప్షన్‌లో కూర్చునేవారు బడి పరీక్షల తేదీలు అడిగి, వాటిని తప్పించి అపాయింట్‌మెంట్ రాస్తే ఆ క్లినిక్ పిల్లలను ఎరిగినదని అర్థం.

మొదటి వారం, ఆ తరువాతి నెలలు

దవడపళ్లకు లోహపు రింగులు వేయవలసి వస్తే, కొన్ని రోజుల ముందు ఆ పళ్ల సందుల్లో చిన్న రబ్బరు రింగులు పెడతారు. పంటి సందులో మాంసపు పీచు ఇరుక్కున్నట్టు అనిపిస్తుంది, వేలుపెట్టి తీయకూడదు. క్లిప్పులు అతికించేటప్పుడు ఇంజెక్షన్ ఉండదు, నొప్పీ ఉండదు. కొన్ని గంటల తరువాత పళ్లు సలపడం మొదలవుతుంది, మరునాడు ఎక్కువగా ఉండి, నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. వైరు ఒత్తిడికి పంటి వేరుకు ఒక పక్కనున్న ఎముక కరుగుతూ, రెండో పక్క కొత్త ఎముక ఏర్పడుతూ ఉండటం వల్లనే పన్ను కదులుతుంది. ఆ కదలిక నెలకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. తొందరపడి ఒత్తిడి పెంచితే వేళ్లకు హాని కనుక, త్వరగా ముగించమని డాక్టరును ఒత్తిడి చేయకండి.

మొదట వేసే సన్నని వైరు నికెల్, టైటానియం కలిసిన మిశ్రమ లోహం. నిటినాల్ అనే ఆ లోహం అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో పుట్టింది, పేరులో కూడా ఆ ప్రయోగశాల పేరు ఇమిడి ఉంది. ఎంత వంచినా తన పాత ఆకారానికి తిరిగి రావాలని చూస్తూ, పళ్లను మెల్లగా తన వెంట లాక్కువెళ్లడం దాని గుణం. చల్లదనానికి అది కాసేపు మెత్తబడుతుంది కాబట్టి, సలుపు ఎక్కువగా ఉన్నప్పుడు చల్లని నీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. ఆ వారం పెరుగన్నం, మెత్తని ఇడ్లీ, ఉప్మా, రాగి జావ పెట్టండి. నొప్పి మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వండి.

తిండి విషయంలో మన ఊరి పిల్లలకు అసలైన పరీక్ష ఆర్కే బీచ్‌లో ఎదురవుతుంది. కాల్చిన మొక్కజొన్న కంకిని కొరికి తినకూడదు, గింజలు వలిచి పెట్టవచ్చు. మురీ మిక్చర్‌లోని వేరుశనగలు, కరకరలాడే జంతికలు, చెరకు ముక్కలు, మంచుగడ్డలు నమలడం వద్దు. జామకాయ, ఆపిల్ సన్నగా కోసి ఇవ్వాలి. క్లిప్పు చుట్టూ వేసే పారదర్శకమైన రబ్బర్లు మన కూరల్లోని పసుపుకు రెండు రోజుల్లోనే పచ్చబడతాయి. బూడిదరంగువో ముదురు నీలమో అడిగితే ఆ బాధ ఉండదు.

తిన్న ప్రతిసారీ నోరు గట్టిగా పుక్కిలించాలి, ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు కనీసం రెండుసార్లు తోమాలి, వైరు కిందికి దూరే సన్నని బ్రష్ వాడాలి. ఇది తప్పితే క్లిప్పు చుట్టూ పంటి మీద తెల్లని మచ్చలు పడతాయి. క్లిప్పులు తీశాక కూడా అవి చాలావరకు మిగిలిపోతాయి.

వైరు గుచ్చుకుంటే, ఆ చోటును దూదితో ఆరబెట్టి, క్లినిక్‌లో ఇచ్చిన మైనాన్ని శనగగింజంత తీసుకుని, ఉండ చేసి అద్దాలి. క్లిప్పు ఊడి వైరు మీద జారుతుంటే లాగకుండా ఫోన్ చేయాలి. పై పళ్లకూ కింది పళ్లకూ కలిపి తగిలించే చిన్న రబ్బర్లు ఒక రోజు మరిచిపోతే, మరునాడు రెండేసి వేయకూడదు.

క్లిప్పులు తీసిన తరువాత

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. పళ్ల చుట్టూ ఉన్న ఎముక, చిగుళ్ల నారలు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, ఆ లోగా వదిలేస్తే పళ్లు వెనకటి చోటికి జరుగుతాయి. అందుకే రిటైనర్లు డాక్టరు చెప్పినన్నాళ్లు, మొదట దాదాపు రోజంతా, తరువాత రాత్రిళ్లు ఏళ్ల తరబడి పెట్టుకోవాలి. వేడినీళ్లలో కడిగితే ప్లాస్టిక్ రిటైనర్ వంకర పోతుంది. భోజనానికి తీసినప్పుడు టిష్యూ కాగితంలో చుట్టి బల్ల మీద పెడితే అది ఎంగిలాకులతో పాటు చెత్తబుట్టలోకి వెళ్లిపోతుంది, మా ఇంట్లో ఒకసారి అలాగే పోయింది. డబ్బా ఒకటి బడిసంచిలో, మరొకటి మంచం పక్కన ఉంచండి. క్లిప్పులు తీసిన ఆనందంలో నేరుగా బయటికి వచ్చేయకుండా, రిసెప్షన్ దగ్గర ఆగి తరువాతి పరీక్ష తేదీ రాయించుకున్నాకే ఇంటికి వెళ్లండి.