ఉప్పునీటి అక్వేరియం: చేపల కంటే ముందు అమ్మోనియా సంగతి చూడండి

నా మొదటి ఉప్పునీటి ట్యాంక్‌లో వేసిన రెండు క్లౌన్ ఫిష్‌లు నాలుగో రోజుకే చనిపోయాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి, వాసన లేదు. "రెండు రోజులు ఫిల్టర్ తిప్పి చేపలు వేసేయండి సార్" అని అమ్మినతను చెప్తే నమ్మాను. మూడో రోజు సాయంత్రం అవి నీటి పైకి చేరి, మొప్పలు గబగబా ఆడిస్తూ ఊపిరి కోసం తన్నుకులాడుతుంటే ఏం చేయాలో తెలియలేదు. ఇంట్లో అమ్మోనియా కొలిచే టెస్ట్ కిట్ కూడా లేదు. విశాఖలో కొత్తగా ఉప్పునీటి ట్యాంక్ పెట్టే ఎవరికీ ఆ సాయంత్రం రాకూడదనే ఇది రాస్తున్నాను.

చేప విసర్జన, మిగిలిన మేత, రాయి మీద చచ్చిన జీవాలు అన్నీ కుళ్లి అమ్మోనియా అవుతాయి. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త ట్యాంక్‌లో ఈ రెండూ సరిపడా ఉండవు. అవి రాళ్ల మీద, ఫిల్టర్‌లో పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దాన్నే సైక్లింగ్ అంటాం.

మంచినీటి చేపలు పెంచి అలవాటైనవాళ్లు ఇక్కడే పొరబడతారు. కిట్‌లో కనబడే అమ్మోనియా అంతా ఒకేలా విషం కాదు, అందులో స్వేచ్ఛగా ఉండే భాగమే మొప్పల్ని కాలుస్తుంది. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉన్న మంచినీటిలో ఆ భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఉప్పునీటి ట్యాంక్‌లో పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. మన మే నెల వేడికి నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆ భాగం సుమారు పదో వంతు అవుతుంది. అందుకే "నా గోల్డ్ ఫిష్‌లకి ఏమీ కాలేదు కదా" అనే లెక్క ఇక్కడ చెల్లదు.

నీళ్ల విషయంలో ఒక మాట. సముద్రం పక్కనే ఉంది కదా అని ఆర్కే బీచ్ నుంచో, ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచో డబ్బాలతో తేకండి. గెడ్డలు (వాగులు) వచ్చి కలిసే చోట మురుగు ఉంటుంది, హార్బర్‌లో డీజిల్ తెట్టు ఉంటుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ మనం పెంచాలనుకునే బాక్టీరియానే చంపుతుంది. ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపి, సాంద్రత 1.025 వచ్చేలా చూసుకోండి. వంటింటి రాళ్ల ఉప్పు పనికిరాదు. ట్యాంక్‌లో పెట్టే రాళ్లు కూడా దుకాణంలో దొరికే ఎండిన రాళ్లే కొనండి. పగడపు దిబ్బల నుంచి పగడాలు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇక చేపలు వేయకముందే, ఆ బాక్టీరియాకి మేతగా అమ్మోనియా మనమే వేయాలి. చేపని వేసి, అది బాధపడుతుంటే బాక్టీరియా పెరిగేదాకా చూడటం నాకు తప్పనిపిస్తుంది. చాలామంది ఒక పచ్చి రొయ్యని గుడ్డలో కట్టి వేస్తారు. పని జరుగుతుంది గానీ ఎంత కుళ్లుతుందో మన చేతిలో ఉండదు. నేను ల్యాబ్ సరుకు అమ్మోనియం క్లోరైడ్ వాడతాను. 100 లీటర్లకు దాదాపు 0.6 గ్రాములు వేస్తే 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. బజారులో దొరికే నవాసాగరం ఇదే పదార్థమైనా అందులో ఇంకేం కలిసి ఉంటాయో చెప్పలేం, వద్దు. 5 పీపీఎం దాటనివ్వకండి, బాక్టీరియా మందగిస్తాయి. దాటితే సగం నీళ్లు మార్చేయండి.

భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లో, చెరువులున్న బంధువులో ఉంటే జియోలైట్ (అమ్మోనియాని పట్టుకునే ఒక ఖనిజం) వేయమంటారు. మంచినీటిలో అది బాగా పనిచేస్తుంది. ఉప్పునీటిలో సోడియం అడ్డుపడి, అమ్మోనియాని పెద్దగా పట్టుకోదు.

రెండు రోజులకోసారి టెస్ట్ చేసి నోట్‌బుక్‌లో రాయండి. కిట్ రంగుని ట్యూబ్‌లైట్ కింద కాదు, పగటి వెలుతురులో చూడండి. ఉప్పునీటికి వేరే రంగుల కార్డు ఉంటే అదే వాడాలి. నైట్రైట్ వారాల తరబడి దిగకపోయినా టెన్షన్ పడి ట్యాంక్ ఖాళీ చేయకండి, ఆ దశ అలాగే సాగుతుంది.

అక్టోబర్, నవంబర్‌లో మొదలుపెడుతుంటే కరెంటు గురించి ముందే ఆలోచించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. ఈ బాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. మూసిన డబ్బా ఫిల్టర్‌లో నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే చావడం మొదలవుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోండి. కరెంటు పోతే ఫిల్టర్‌లోని రాళ్లు, స్పాంజి తీసి ట్యాంక్‌లోనే వేయండి. కరెంటు వచ్చాక డబ్బాలో నిలిచిన కుళ్లు నీళ్లు పారబోయకుండా ఫిల్టర్ ఆన్ చేయకండి. వేసవిలో అయితే ట్యాంక్ మీద ఫ్యాన్ పెడతాం, నీళ్లు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. తగ్గినంత ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

ఇప్పటికే చేపలు వేసేసి, అవి పైకి వచ్చి ఊపిరి తీస్తున్నాయా? మేత ఆపండి. అదే వేడి, అదే ఉప్పు ఉన్న నీళ్లతో సగం మార్చండి. గాలి పెంచండి. ఆ సమయంలో పీహెచ్ పెంచే మందు మాత్రం వేయకండి, విషం భాగం ఇంకా పెరుగుతుంది.

2 పీపీఎం అమ్మోనియా వేశాక 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే సైక్లింగ్ అయినట్టే. ఒకసారి చూసి సరిపెట్టుకోకండి, మర్నాడు మళ్లీ వేసి చూడండి. తర్వాత నైట్రేట్ తగ్గడానికి సగం పైగా నీళ్లు మార్చి, ఒక్క చేపతో మొదలుపెట్టండి. మొదటి వారం రోజూ పొద్దున్నే అమ్మోనియా చూడండి. 0.25 పీపీఎం కనబడినా ఆ రోజు మేత మానేసి నీళ్లు మార్చండి. వరుసగా వారం సున్నా వచ్చాకే రెండో చేప కోసం దుకాణానికి వెళ్లండి.