టి కణం సిగ్నలింగ్: టాక్రోలిమస్ ఎక్కడ ఆపుతుందో వెతుకుతూ నేర్చుకోండి

ఎమ్మెస్సీ పరీక్షకి టి కణం (పరాయివాటిని గుర్తించే తెల్లరక్త కణం) సిగ్నలింగ్ బట్టీ పట్టేవాళ్లకి ఒక మాట చెప్తాను, పేర్ల వరస పక్కనపెట్టి ఒక మందుతో మొదలుపెట్టండి. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందంటే 2023లో పలాసలో దానికోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో చాలామంది రోజూ వేసుకునేది రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్, మానేస్తే సొంత టి కణాలే కొత్త కిడ్నీ మీద పడతాయి. ఆ మందు ఈ దారిలో ఎక్కడ అడ్డుపడుతుందో చూద్దాం.

కాగితం మీద కణం పొర గీయండి. రిసెప్టర్‌లో ఆల్ఫా, బీటా గొలుసులు బయట యాంటిజెన్ పెప్టైడ్‌ని పట్టుకుంటాయి గానీ లోపల వాటి తోకలు మరీ పొట్టి, కాబట్టి కబురు లోపలికి చేర్చేది పక్కనున్న సీడీ3, జీటా గొలుసులే. వాటి మీద ఐటామ్‌లు (ఫాస్ఫేట్ తగిలించుకునే చిన్న భాగాలు) మొత్తం 10 గీయండి: రెండు జీటాల్లో ఒక్కోదానికి 3, మిగతా నాలుగు సీడీ3 గొలుసులకి ఒక్కొక్కటి.

ఇప్పుడు రిసెప్టర్‌కి తోడుండే సీడీ4 లేదా సీడీ8ని అంటుకుని ఉన్న ఎల్‌సీకే అనే ఎంజైమ్ వచ్చి ఐటామ్‌లోని టైరోసిన్లకి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఇక్కడ కాస్త ఆగండి. ఒక్కో ఐటామ్‌లో టైరోసిన్లు రెండు, జ్యాప్-70 అనే ఎంజైమ్‌కి వాటిని పట్టుకునే ఎస్‌హెచ్2 భాగాలూ రెండు, రెండు టైరోసిన్లకీ ఫాస్ఫేట్ ఉంటేనే అది గట్టిగా కూర్చుంటుంది, నాకు ఈ దారి మొత్తంలో బాగా నచ్చే చోటు ఇదే. కూర్చున్న జ్యాప్-70ని ఎల్‌సీకే ఉత్తేజపరిస్తే అది ల్యాట్, ఎస్‌ఎల్‌పీ-76 అనే జోడింపు ప్రోటీన్లకి ఫాస్ఫేట్ పెడుతుంది, ఆ గుంపులోకి పీఎల్‌సీ గామా1 అనే ఎంజైమ్ చేరి పొరలోని పిప్2 అనే కొవ్వుని ఐపీ3, డ్యాగ్‌గా చీలుస్తుంది.

డ్యాగ్ దారి త్వరగా గీసేయండి: ఒకవైపు పీకేసీ థీటా మీదుగా ఎన్ఎఫ్ కప్పా బి, ఇంకోవైపు రాస్ మీదుగా ఏపీ-1, ఈ చివరి రెండూ జీన్‌లని ఆన్ చేసే ప్రోటీన్లు.

ఐపీ3 దారి మాత్రం నిదానంగా. అది ఈఆర్ (కణంలో కాల్షియం నిల్వ ఉండే అర)లోని కాల్షియాన్ని బయటికి వదిలిస్తుంది, అక్కడ నిల్వ తగ్గిందని స్టిమ్1 పసిగట్టి పొరలోని ఒరాయ్1 ఛానల్‌ని తెరిస్తే కణం బయటి కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియంతో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ పనిలోకి దిగి ఎన్ఎఫ్ఏటీ అనే ప్రోటీన్ మీది ఫాస్ఫేట్లు తీసేస్తుంది, అప్పుడది కేంద్రకంలోకి వెళ్లి ఐఎల్-2 (టి కణాలు పెరగడానికి కావాల్సిన ప్రోటీన్) జీన్‌ని ఆన్ చేస్తుంది. టాక్రోలిమస్ కణంలోని ఎఫ్‌కేబీపీ12 అనే ప్రోటీన్‌తో జతకట్టి కాల్సిన్యూరిన్‌నే ఆపేస్తుంది. అక్కడ ఎర్ర పెన్నుతో అడ్డగీత పెట్టండి, ఆ గీతకి కిందున్నవి ఏవేవి ఆగిపోతాయో పుస్తకం చూడకుండా చెప్పగలిగితే మీకు వచ్చేసినట్టే.

కణం పొర మీదున్న సీడీ28 నుంచి రెండో సిగ్నల్ రాకపోతే కణం అనర్జీలోకి, అంటే స్పందించని స్థితిలోకి పోతుందని పక్కన తప్పకుండా రాసుకోండి. పరీక్షలో బి కణం (యాంటీబాడీలు చేసేది) గురించి అడిగితే టెన్షన్ వద్దు, ఇదే బొమ్మలో జ్యాప్-70 చోట సిక్, పీఎల్‌సీ గామా1 చోట గామా2 పెట్టి, మధ్యలో బీఎల్ఎన్‌కే, బీటీకే కలపండి.