యూకేలో ఐఎల్ఆర్: ఆఫీసు పని మీద బయట తిరిగిన రోజుల లెక్క ఎలా చూసుకోవాలి?

స్కిల్డ్ వర్కర్ వీసా మీద యూకేలో ఉంటున్న మనవాళ్లకు ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) అనగానే అయిదేళ్ల నివాసం, జీతం, లైఫ్ ఇన్ ద యూకే టెస్టు గుర్తొస్తాయి. దేశం బయట ఎన్ని రోజులున్నామన్న సంగతి మాత్రం ఫారం ముందు కూర్చున్నాకే చాలామందికి తడుతుంది. అయిదేళ్లలో చేసిన ప్రతి ప్రయాణాన్నీ తేదీలతో, కారణంతో సహా అక్కడ రాయాలి. "పంపింది కంపెనీయే కదా, ఆ రోజులు లెక్కలోకి రావులే" అనే మాట నేను ఎన్నోసార్లు విన్నాను. వస్తాయి. ఆ ధీమాతో ఎవరూ నష్టపోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా నియమం. మీ అయిదేళ్లలో ఏ 12 నెలలు తీసుకున్నా, యూకే బయట గడిపిన రోజులు 180 దాటకూడదు. క్లయింట్ మీటింగ్, ట్రైనింగ్, సంక్రాంతి సెలవు, చెల్లెలి పెళ్లి, ఇవన్నీ ఒకే ఖాతాలో పడతాయి. హైదరాబాద్‌లో అమ్మావాళ్లింట్లో కూర్చుని లండన్ టీమ్‌కి లాప్‌టాప్‌లో పని చేసినా అది బయట ఉన్న రోజే. మీకు మొదట వీసా మంజూరైన తేదీ నుంచి యూకేలో దిగిన తేదీ వరకు ఉన్న రోజులు కూడా ఇందులోనే కలుస్తాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు.

1. రోజులు లెక్కపెట్టే పద్ధతి తెలుసుకోండి

పూర్తిగా బయట గడిచిన రోజునే లెక్కిస్తారు. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు లెక్కలోకి రావు. చిన్న సంగతిలా ఉంటుంది గానీ, తరచూ తిరిగేవాళ్ల గతి దీని మీదే తేలుతుంది. ఒక ఉద్యోగిని తీసుకుందాం. ఏడాదిలో 40 వారాలు ఫ్రాంక్‌ఫర్ట్ క్లయింట్ దగ్గర పని. సోమవారం పొద్దున్నే హీత్రూలో ఎక్కి, శుక్రవారం రాత్రికి ఇల్లు చేరతాడు. మంగళ, బుధ, గురు, అంటే వారానికి 3 రోజులు. మొత్తం 120. ఆపైన డిసెంబరు 12న ఊరికి బయల్దేరి జనవరి 18న తిరిగొచ్చాడు. అవి 36 రోజులు. అన్నీ కలిపితే 156, ఇబ్బంది లేదు.

అదే మనిషి సోమవారం ఉదయం హడావుడి ఎందుకని ఆదివారం సాయంత్రం విమానం ఎక్కితే? సోమవారం కూడా పూర్తిగా బయట గడిచిన రోజైపోతుంది. వారానికి 4, మొత్తం 160. ఊరి ప్రయాణం కలిపితే 196. పని అదే, క్లయింట్ అదే, కేవలం టికెట్ వేళ మారినందుకు పరిమితి 16 రోజులు దాటింది. కాబట్టి టికెట్లు బుక్ చేసే ట్రావెల్ డెస్క్‌కి ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకోండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

2. ఈ రోజే ఒక షీట్ మొదలుపెట్టండి

పాస్‌పోర్టు ముద్రలు ఉన్నాయి కదా అనుకోవద్దు. యూకే నుంచి బయటికి వెళ్లేటప్పుడు ముద్ర వేయరు. డబ్లిన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మామూలుగా యూకే ఇమిగ్రేషన్ కౌంటరే ఉండదు, కానీ ఐర్లండ్‌లో గడిపిన రోజు బయట ఉన్నట్టే. షెంగెన్ దేశాలు (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలు) 2025 అక్టోబరు 12 నుంచి ముద్రల బదులు కంప్యూటర్ నమోదు పద్ధతికి మారడం మొదలుపెట్టాయి. నాలుగేళ్ల కిందటి మ్యూనిక్ ప్రయాణం తేదీల కోసం అప్పుడు పాత ఈమెయిళ్లు తవ్వాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

షీట్‌లో ఆరు గడులు చాలు: బయల్దేరిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, దేశం, పూర్తి రోజులు, కారణం, పంపిన మేనేజరు. బోర్డింగ్ పాస్ ఫొటో, ఖర్చుల క్లెయిమ్, సెలవు మంజూరైన మెయిల్ ఒక ఫోల్డర్లో వేయండి. ఆఫీసు మెయిల్లో మాత్రం దాచకండి. ఉద్యోగం మారిన రోజున ఆ మెయిల్ మీ చేతిలో ఉండదు. ఇప్పటికే తేదీలు పోయినవాళ్లు తమ ప్రయాణ రికార్డు కోసం హోమ్ ఆఫీస్‌కి (యూకే హోం శాఖకి) సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్, అంటే తమ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం ఇమ్మనే అర్జీ, పెట్టుకోవచ్చు. దానికి రుసుము లేదు.

3. క్యాలెండర్ సంవత్సరాన్ని నమ్మకండి

జులై నుంచి డిసెంబరు దాకా 100 రోజులు బయట ఉన్నారు. మళ్లీ జనవరి నుంచి జూన్ దాకా ఇంకో 100. ఒక్కో ఏడాదిగా చూస్తే రెండూ 180 లోపే. కానీ జులై నుంచి జూన్ వరకు చూస్తే 200. అధికారులు చూసేది ఇలాగే.

అందుకే ప్రతి ప్రయాణానికీ రెండుసార్లు సరిచూడండి. బయల్దేరిన తేదీ నుంచి ముందుకు 12 నెలలు, తిరిగొచ్చిన తేదీ నుంచి వెనక్కి 12 నెలలు. అన్నిటిలోనూ 180 లోపే ఉంటే మరే కిటుకూ అక్కర్లేదు. నా సలహా అడిగితే, 150 దగ్గరే గీత గీసుకోండి. ఇంట్లో ఎవరికైనా బాగోలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే, వెళ్లడానికి కొన్ని రోజులు చేతిలో మిగిలి ఉండాలి.

4. మినహాయింపుల మీద ఆశ పెట్టుకునే ముందు

మినహాయింపులు ఉన్నాయి: దగ్గరి కుటుంబసభ్యుల మరణం, ప్రాణాపాయమైన జబ్బు, ప్రకృతి విపత్తు వల్లో యుద్ధం వల్లో మహమ్మారి వల్లో ప్రయాణం ఆగిపోవడం, మానవతా సంక్షోభంలో సహాయానికి వెళ్లడం వంటివి. పీహెచ్‌డీ స్థాయి వృత్తుల్లో ఉండి, స్పాన్సర్ (వీసాకు పూచీ ఉన్న యజమాని సంస్థ) ఒప్పుకున్న పరిశోధన మీద వెళ్లినవాళ్లకూ వెసులుబాటు ఉంది. మామూలు ఆఫీసు ప్రయాణం ఈ జాబితాలో లేదు.

పురుడు కూడా లేదు. డిపెండెంట్ వీసా మీద ఉన్న భార్యకూ ఇదే 180 రోజుల నియమం విడిగా వర్తిస్తుంది. ఏడో నెలలో పుట్టింటికి వెళ్లి, బిడ్డకు అయిదో నెల వచ్చాక తిరిగొస్తే దాదాపు ఏడు నెలలు. భర్తకు ఐఎల్ఆర్ వచ్చి భార్యకు ఆగిపోవడానికి అదొక్కటి చాలు. శ్రీమంతం ముహూర్తం పెట్టించేటప్పుడే ఈ లెక్క కూడా వేసుకోండి.

సెలవు పొడిగించాలనుకునేవాళ్లకు ఇంకో మాట. జీతం లేని సెలవు ఏడాదిలో మొత్తం 4 వారాలు దాటితే, ప్రసూతి, అనారోగ్యం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, స్పాన్సర్‌షిప్‌కే ముప్పు వస్తుంది.

5. పరిమితి దాటిపోతే?

కంగారుపడి అంకెలు మార్చకండి. తప్పు సమాచారం ఇవ్వడం 180 దాటడం కంటే చాలా పెద్ద ప్రమాదం. దరఖాస్తు తేదీ నుంచి వెనక్కి అయిదేళ్లు చూస్తారు కాబట్టి, ఎక్కువ రోజులు మొదటి ఏడాదిలోనే పోయి ఉంటే వీసా పొడిగించుకుని, ఆ కాలం ఈ అయిదేళ్ల లెక్కలోంచి బయటికి పోయేదాకా ఆగి దరఖాస్తు చేయొచ్చు. చివరి ఏళ్లలో దాటితే నిరీక్షణ చాలా పెరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి ఐఎల్ఆర్ రుసుము 3,029 పౌండ్లు అయింది. తిరస్కరిస్తే అది వెనక్కి రాదు. అందుకే ఇలాంటి కేసును ఇమిగ్రేషన్ సలహాదారుకు చూపించాకే ముందుకు వెళ్లండి.

గ్లోబల్ బిజినెస్ మొబిలిటీ వీసా (విదేశీ కంపెనీ తన ఉద్యోగిని పని మీద యూకేకి పంపే వీసా) మీద గడిపిన కాలం ఈ అయిదేళ్లలో కలవదని కూడా గుర్తుంచుకోండి. ఇక, 2025 మే నెలలో వచ్చిన ప్రభుత్వ శ్వేతపత్రం అయిదేళ్ల గడువును సాధారణంగా పదేళ్లు చేయాలని ప్రతిపాదించింది. దరఖాస్తుకు ముందు అప్పటికి అమల్లో ఉన్న నిబంధనలను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తప్పక చూసుకోండి.

6. ఐఎల్ఆర్ వచ్చాక కూడా షీట్ ఆపకండి

ఏకబిగిన రెండేళ్లకు మించి బయట ఉంటే ఐఎల్ఆర్ రద్దవుతుంది. పౌరసత్వానికైతే మామూలుగా అయిదేళ్లలో 450 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు మించకూడదు. పైగా మీ దరఖాస్తు అందిన తేదీకి సరిగ్గా అయిదేళ్ల కిందట మీరు యూకేలోనే ఉండి ఉండాలి. ఆ రోజున మీరు ఫ్రాంక్‌ఫర్ట్ హోటల్లో ఉన్నారని షీట్ చెబితే, ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన తేదీకి అయిదేళ్లు నిండేదాకా దరఖాస్తును జరపండి.