సొంత ఫోన్ చేతికొచ్చే ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

పరీక్షలు అయిపోయాకో, కొత్త కాలేజీలో చేరేటప్పుడో చాలామందికి మొదటిసారి సొంత ఫోన్ వస్తుంది. పౌచ్, టెంపర్డ్ గ్లాస్ ఆ రోజే వేయించేస్తాం. మిగతా జాగ్రత్తలు ఏదో ఒకటి జరిగాక గానీ గుర్తు రావు. అందుకే యాప్‌లు ఎక్కించకముందే ఓ అరగంట కూర్చుని ఈ పనులు చేసుకోండి.

స్క్రీన్ లాక్‌కి కనీసం ఆరంకెల పిన్ పెట్టండి. పుట్టినతేదీ మాత్రం వద్దు, అది స్నేహితులందరికీ తెలుసు. డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబర్ వస్తుంది. ఫోన్ పోతే ఫిర్యాదులో ఆ నంబర్ రాయాలి కాబట్టి కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. పోయిన ఫోన్‌ను వెతికిపెట్టే ఆప్షన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, ఆన్ చేసి పెట్టుకోండి.

తర్వాత వాట్సాప్. సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి పిన్ పెట్టుకోండి. ఎందుకంటే ఏదో ఒక రోజు మీ ఫ్రెండ్ నంబర్ నుంచే మెసేజ్ వస్తుంది: "రేయ్, నా కోడ్ పొరపాటున నీ నంబర్‌కి వచ్చింది, కాస్త పంపు." ఆ కోడ్ మీ అకౌంట్‌ను వేరే ఫోన్‌లో తెరవడానికి వచ్చింది. అడుగుతున్నది మీ ఫ్రెండ్ కాదు, అతని అకౌంట్‌ను అప్పటికే కాజేసినవాడు. పిన్ పెట్టుకుని ఉంటే కోడ్ ఒక్కదానితో అకౌంట్ తెరుచుకోదు. అయినా కోడ్ పంపకండి. ఫ్రెండ్‌కి మామూలు కాల్ చేసి విషయం చెప్పండి.

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఫొటో ఫైల్‌లోనే మీరున్న చోటు నమోదవుతుంది. ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపితే ఆ వివరం కూడా అవతలివాళ్లకు చేరుతుంది. ఫొటోలో వెనక కనిపించే యూనిఫాం బ్యాడ్జి, ఇంటి నంబర్ కూడా మీరెక్కడ దొరుకుతారో చెప్పేస్తాయి.

ఇవన్నీ తేలిగ్గా అయిపోయే పనులు. నాకు ఎక్కువ భయం వేసేది ఫొటోలతో బెదిరించి డబ్బు గుంజేవాళ్ల గురించి. తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ వయసే ఉన్న అమ్మాయో అబ్బాయో ఫాలో రిక్వెస్ట్ పెడతారు. మ్యూచువల్స్, అంటే ఇద్దరికీ కామన్‌గా ఉన్న ఫ్రెండ్స్ కూడా కనిపిస్తారు కాబట్టి అనుమానం రాదు. కాసేపు కబుర్లయ్యాక చాట్ వేరే యాప్‌కి మారుతుంది. ముందు వాళ్లే ఒక నగ్న ఫొటో పంపి, నీదీ పంపమంటారు. పంపిన మరుక్షణం గొంతు మారిపోతుంది. మీ ఫాలోయర్ల లిస్ట్ స్క్రీన్‌షాట్ పెట్టి, "పది నిమిషాల్లో డబ్బు వేయకపోతే వీళ్లందరికీ పంపుతా" అంటారు. ఈ వలలో ఎక్కువగా పడుతున్నది 14 నుంచి 17 ఏళ్ల అబ్బాయిలేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అయితే ఎవరైనా పడొచ్చు. ఫొటో పంపకపోయినా, మీ ప్రొఫైల్ ఫొటోతో ఏఐలో నకిలీది తయారుచేసి బెదిరించేవాళ్లూ ఉన్నారు.

అలా జరిగితే డబ్బు వేయకండి. ఒకసారి వేస్తే మళ్లీ అడుగుతారు. భయంతో చాట్ డిలీట్ చేయకండి, అదే సాక్ష్యం. యూజర్‌నేమ్, మెసేజ్‌లు, డబ్బు వేయమన్న ఖాతా వివరాలు స్క్రీన్‌షాట్లు తీసి, ప్రొఫైల్‌ను రిపోర్ట్ చేసి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. ఆ రోజే ఒక పెద్దవాళ్లకు చెప్పండి, వాళ్లతో కలిసి పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఫొటో 18 ఏళ్లలోపు తీసినదైతే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సర్వీస్ ఉంది, 18 దాటాక తీసినదైతే 'స్టాప్ ఎన్‌సీఐఐ'. వీటిని వాడినప్పుడు ఫొటో మీ ఫోన్ నుంచి ఆ సర్వీసుకు వెళ్లదు. దాని నుంచి తయారైన ఒక డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఈ సర్వీసుల్లో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ లాంటివి ఆ గుర్తుతో సరిపోలే ఫొటోను పట్టుకుని తీసేయగలవు.

అమ్మానాన్నలకూ ఒక మాట. పిల్లలు ఇలాంటివి దాచడానికి పెద్ద కారణం, చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయం. ఫోన్ ఇచ్చే రోజే నోరు విప్పి చెప్పండి: "ఏం జరిగినా ముందు నాకు చెప్పు, తిట్టను, ఫోన్ తీసుకోను." ఆ మాట మీద నిలబడండి కూడా. ఏ సెట్టింగూ చేయలేని పని ఇది. అమ్మానాన్నలకు చెప్పలేని పిల్లలు అక్కో, బాబాయో, టీచరో, ఎవరికి చెప్పగలరో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. ఆ టెన్షన్‌లో వెతుక్కోవడం కష్టం.

ఇక రోడ్డు, ఛార్జింగ్. 50 కిలోమీటర్ల వేగంలో ఐదు సెకన్లు స్క్రీన్ చూస్తే బండి దాదాపు 70 మీటర్లు మీరు చూడకుండానే వెళ్లిపోతుంది. మెసేజ్ చూడాలంటే బండి పక్కకు ఆపండి. రోడ్డు దాటేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను దిండు కింద పెట్టకండి, వేడి బయటకు పోదు. స్నానాల గదిలోకి అసలు తీసుకెళ్లకండి. వెనక ప్యానెల్ ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ పాడైనట్టే. దాన్ని నొక్కడం, గుచ్చడం, మళ్లీ ఛార్జింగ్ పెట్టడం చేయకుండా ఆపేసి సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.