షార్క్ ట్యాంక్ డీల్ న్యాయమేనా? లొల్లికి ముందు వేయాల్సిన లెక్క

చిన్న కంపెనీలవాళ్లు జడ్జిల ముందు నిలబడి పెట్టుబడి అడిగే టీవీ షో షార్క్ ట్యాంక్ ఇండియా ఎపిసోడ్ అయిపోగానే ఇంట్లో రెండు మాటలు వినబడతాయి. ఒకరు "పాపం, దోచుకున్నరు" అంటారు, ఇంకొకరు "అంతా స్క్రిప్టే" అంటారు. ఇవి వేరువేరు ప్రశ్నలు. దోపిడీ అవునో కాదో ఎపిసోడ్ నడుస్తుండగానే కాగితం మీద లెక్క వేసి చూడొచ్చు. డీల్ నిజమో కాదో మాత్రం నెలల తర్వాత ప్రభుత్వ పోర్టల్‌లో చూడాలి. రెండూ కలిపి వాదిస్తే తెల్లారేదాకా తేలదు.

చూసేటప్పుడు ఐదు అంకెలు రాసుకోండి: అడిగిన పైసలు, ఇస్తామన్న వాటా, కిందటి ఆర్థిక సంవత్సరం మొత్తం అమ్మకం, అందులో మిగిలిన లాభం, చివరికి కుదిరిన షరతు. "నెలకు ఇంత అమ్ముతున్నాం" అంటే ఆ అంకె పక్కన నెల పేరు కూడా వేయండి.

విలువ తీయడం

హనుమకొండలో సకినాలు ప్యాకెట్లు కట్టి అమ్మే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. అంకెలన్నీ ఊహించినవే. 5 శాతం వాటాకు 50 లక్షలు అడిగారు. 50ని 5తో భాగించి 100తో గుణిస్తే వెయ్యి లక్షలు, అంటే 10 కోట్లు. ఇది పైసలు వచ్చాక కంపెనీ విలువ. రాకముందు విలువ 9.5 కోట్లే. చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఏడాది అమ్మకం 1.2 కోట్లు, లాభం 9.6 లక్షలు అనుకోండి. అంటే అమ్మకానికి ఎనిమిది రెట్లకు పైన, లాభానికి 104 రెట్లు అడిగినట్టు. యాప్ కంపెనీకి చెల్లే గుణకం ఇక్కడ చెల్లదు. యాప్ వాడేవాళ్లు రెట్టింపైతే ఖర్చు రెట్టింపు కాదు, సకినాల గిరాకీ రెట్టింపైతే గుడ్డ మీద పిండి చుట్టే చేతులూ రెట్టింపు కావాలి. కాబట్టి జడ్జి విలువను సగానికి తగ్గిస్తే అదొక్కటే దోపిడీ కాదు.

సంక్రాంతి మాయ

నెల పేరు రాయమన్నది ఇందుకే. ఇదే కంపెనీ జనవరిలో 25 లక్షలు అమ్మిందనుకోండి. స్టేజీ మీద "నెలకు 25 లక్షలు" అంటే చూసేవాళ్ల మనసు దాన్ని పన్నెండుతో గుణించి 3 కోట్లు చేసేస్తుంది. మిగతా పదకొండు నెలల్లో జరిగింది 95 లక్షలే, అంటే నెలకు 9 లక్షలు కూడా లేదు. సకినాలు సంక్రాంతి సరుకని మనకు తెలుసు, ముంబై సెట్‌లో కూర్చున్న జడ్జికి తెలియకపోవచ్చు. అందుకని "జడ్జి కావాలని ఇరికించే ప్రశ్న అడిగిండు" అనే ముందు, పైసలు అడిగిన కంపెనీ మనిషి ఏ నెల అంకె చెప్పాడో చూడండి. మామిడికాయ పచ్చడికీ పెళ్లి బట్టలకూ ఇదే సూత్రం.

మార్జిన్‌లో దాక్కున్న దుకాణం

"ఎమ్మార్పీ 120 రూపాయలు, తయారీ ఖర్చు 60, సగానికి సగం మార్జిన్" అన్న మాట వినగానే పెన్ను పట్టుకోండి. 120లో దుకాణందారుకు 20 శాతం, అంటే 24 రూపాయలు. డిస్ట్రిబ్యూటర్‌కు 8 శాతం, అంటే 9.60. మిగిలింది 86.40. ఇందులోంచి 5 శాతం జీఎస్టీ తీస్తే కంపెనీ చేతికి వచ్చేది సుమారు 82.30 (2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్ నమ్‌కీన్‌ల మీద రేటు ఇదే). 60 ఖర్చు పోను 22.30. అంటే 27 శాతం. ప్రకటనలు, రవాణా, వాపసు వచ్చిన ప్యాకెట్లు, జీతాలు ఇంకా ఇందులోంచే పోవాలి. ఆన్‌లైన్‌లో అమ్మితే దుకాణం వాటా బదులు ప్లాట్‌ఫామ్ కమీషన్, కొరియర్ పడతాయి. సకినాలు ఇట్టే విరుగుతాయి కాబట్టి డబ్బాల ఖర్చు అదనం. ఇవేవీ చెప్పకుండా 50 శాతం అంటే చెప్పినవాళ్లకు లెక్క రాదు, లేదా ఆ ముక్క ఎడిటింగ్ కత్తెరలో పోయింది.

రాయల్టీ అసలు ఎంత కొరుకుతుంది

"న్యాయం" మీద గట్టిగా కొట్లాడాల్సిన చోటు వాటా కాదు, రాయల్టీ (అమ్మకంలోంచి జడ్జికి కట్టే శాతం). ఆఫర్ ఇలా వచ్చిందనుకోండి: 50 లక్షలకు 10 శాతం వాటా, పైన 75 లక్షలు తిరిగొచ్చేదాకా అమ్మకం మీద 1.5 శాతం. వినడానికి చిన్న అంకె. కానీ రాయల్టీ లాభం మీద కాదు, అమ్మకం మీద. లాభం 8 శాతమే ఉన్నప్పుడు అందులో 1.5 పోతే లాభంలో ఐదో వంతుకు దగ్గరగా పోయినట్టు. ఆ తర్వాత మిగిలినదాంట్లో 10 శాతం వాటా.

ఇంకోవైపూ చూడాలి. 1.2 కోట్ల మీద 1.5 శాతం అంటే ఏడాదికి 1.8 లక్షలు. ఆ లెక్కన 75 లక్షలు తీరడానికి 41 ఏళ్లు దాటుతుంది. అమ్మకం 5 కోట్లకు చేరితే ఏడాదికి 7.5 లక్షలు, పదేళ్లు. జడ్జికి రాయల్టీతో పైసలు తొందరగా తిరిగి రావు, కంపెనీకి మాత్రం నష్టం వచ్చిన ఏడాదీ తప్పదు. అందుకే రాయల్టీ వినగానే శాతాన్ని లాభ శాతంతో భాగించండి. పావు వంతు దాటితే "దోచుకున్నరు" అన్నవాళ్ల పక్షాన నిలబడొచ్చు. అప్పు కలిపిన డీల్‌లో అప్పు భాగాన్ని విలువ లెక్కలోకి తేవద్దు, అది వడ్డీతో తిరిగి కట్టేది.

జడ్జికి అదే రంగంలో సొంత వ్యాపారం ఉంటే అది కూడా రాసుకోండి. కళ్లద్దాల కంపెనీ పిచ్‌లో (పెట్టుబడి అడుగుతూ చెప్పుకునే మాటల్లో) లెన్స్‌కార్ట్ పీయూష్ బన్సల్, సౌందర్య సాధనాల పిచ్‌లో షుగర్ కాస్మెటిక్స్ వినీతా సింగ్ అడిగే ప్రశ్నలకు పదునెక్కువ. పోటీదారు ముందు సరఫరాదారు పేరూ రేటూ చెప్పకపోతే దాన్ని తడబాటు అనుకోవద్దు.

కత్తెర పడ్డ చోటు పట్టుకోవడం

పిచ్ గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే సాగుతుంది. మనం చూసేది దానిలో కొన్ని నిమిషాలే. ఒక మాట వినబడుతున్నప్పుడు మాట్లాడే మనిషి నోరు కనబడకుండా ఇంకొకరి ముఖం చూపిస్తుంటే, ఆ వాక్యం రెండు చోట్ల నుంచి తెచ్చి అతికించింది కావొచ్చు. నీళ్ల గ్లాసు మట్టం, చేతుల స్థానం షాట్‌కూ షాట్‌కూ మారితే మధ్యలో ఏదో పోయినట్టే. అవమానించినట్టు అనిపించిన సన్నివేశాన్ని మ్యూట్‌లో పెట్టి ఇంకోసారి చూడండి. సంగీతం పోగానే సగం కోపం పోతుంది. కత్తిరించారంటే స్క్రిప్టని కాదు, "జడ్జి ఆ ప్రశ్న అడగనే లేదు" అని మనం అనలేమంతే.

షో నిబంధనలే అన్యాయంగా ఉండటం వేరే సంగతి. అమెరికా షార్క్ ట్యాంక్‌లో ఒకప్పుడు స్టేజీ ఎక్కిన కంపెనీ, డీల్ కుదిరినా కుదరకున్నా, నిర్మాణ సంస్థకు 5 శాతం వాటా లేదా లాభంలో 2 శాతం ఇవ్వాల్సి వచ్చేది. ఆ షో జడ్జి మార్క్ క్యూబన్ పట్టుబట్టడంతో 2013లో అది తీసేశారు.

డీల్ నిజంగా అయిందా

స్టేజీ మీద చేతులు కలపడం ఒప్పంద పత్రం కాదు. తర్వాత లెక్కల పరిశీలన ఉంటుంది. ట్రేడ్‌మార్క్ కంపెనీ పేరు మీద కాక సొంత పేరు మీద ఉండటం, చెప్పిన అమ్మకం జీఎస్టీ రిటర్నులతో సరిపోకపోవడం, భాగస్వాముల వాటా తగాదా లాంటివి డీల్‌ను ఇక్కడ ఆపుతాయి. కొన్నిసార్లు కంపెనీ వాళ్లే వెనక్కి తగ్గుతారు.

చూసే పద్ధతి ఇది. బ్రాండ్ పేరుతో వెతకొద్దు, ప్యాకెట్ వెనక "తయారీదారు" అన్న మాట పక్కన ఉన్న కంపెనీ పేరు తీసుకోండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఎంసీఏ పోర్టల్‌లో లాగిన్ అయి మాస్టర్ డేటా (కంపెనీ మూల వివరాలు) తీస్తే 21 అక్షరాల సీఐఎన్, అంటే కంపెనీ గుర్తింపు నంబరు వస్తుంది. అందులో 9 నుంచి 12 వరకు ఉన్న అంకెలు కంపెనీ నమోదైన ఏడాది. వంద రూపాయలు కడితే దాఖలైన పత్రాలు చూడొచ్చు. పీఏఎస్-3 అనే ఫారం కొత్త షేర్లు ఎవరికి, ఎంతకు ఇచ్చారో చెబుతుంది. ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో (ఎంచుకున్న కొద్దిమందికే షేర్లు ఇవ్వడం) షేర్లు కేటాయించిన 15 రోజుల్లో దాన్ని దాఖలు చేయాలి. ఏఓసీ-4 అనే ఏడాది లెక్కల ఫారంలో ఆ ఏడాది అమ్మకం, లాభం ఉంటాయి. స్టేజీ మీద రాసుకున్న అంకెల పక్కన వీటిని పెట్టండి. జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, రిటర్నులు వేశారా లేదా అన్నది ఉచితంగానే తెలుస్తుంది. తెలంగాణ జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది.

పీఏఎస్-3లో జడ్జి పేరు లేకపోతే వెంటనే తీర్పు ఇవ్వొద్దు. పెట్టుబడి కుటుంబ ట్రస్టు పేరుతోనో, సొంత ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ) పేరుతోనో రావొచ్చు. కన్వర్టిబుల్ నోట్‌గా (తర్వాత షేర్లుగా మారే అప్పుగా) వస్తే అది షేర్లుగా మారేదాకా ఈ ఫారం ఉండదు. షో కోసం ప్రొప్రైటర్‌షిప్‌ను (ఒక్కరి సొంత వ్యాపారాన్ని) ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చుకున్న చోట పాత ఏళ్ల లెక్కలు అసలు దొరకవు. షూటింగుకూ ప్రసారానికీ మధ్యే నెలలు పడుతుంది, మార్చితో ముగిసిన ఏడాది ఏఓసీ-4 మామూలుగా అక్టోబరు చివరికి గాని రాదు. కాబట్టి ప్రసారమైన ఏడాదికి ఒకసారి, ఆ తర్వాతి నవంబరులో ఇంకోసారి చూడండి.