గ్రాఫిక్స్ కార్డు ట్యూనింగు, 3వ పాఠం: ముందుగాల కోర్ దించుడు, మెమరీ తర్వాత

గ్రాఫిక్స్ కార్డుతోని క్రిప్టో కాయిన్లు తవ్వేటోళ్లకు (మైనింగు) కరెంటు తగ్గిచ్చే పాఠమిది. పోయిన పాఠంల గోడ సాకెట్ కాడ వాట్ మీటర్ పెట్టి కరెంటు ఎంత గుంజుతుందో రాసుకోమన్న గదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండ్రి. సాఫ్ట్‌వేర్ చూపెట్టే వాట్స్ మీద భరోసా పెట్టుకోకుండ్రి, ఆర్ఎక్స్ 580 లాంటి కార్డులయితే చిప్ తినేదే చూపిస్తయి, మిగతాది మీటర్ల తప్ప యాడ కనవడదు.

ఎథీరియం క్లాసిక్ అనే కాయిన్ తవ్వేటప్పుడు కార్డుల ఎక్కువ కష్టపడేది మెమరీ, లెక్కలు చేసే కోర్ కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లు అనుకోండ్రి, వడ్లు మోసే హమాలీలే నిమ్మళంగ వస్తుంటే లోపట మిషన్ ఎంత జోరుగ తిరిగితే ఏమొస్తది, ఉత్త కరెంటు దండగ. మన కార్డు కంపెనీ సెట్టింగుల గట్లనే తిరుగుతుంటది.

ఇగ వోల్టేజీ సంగతి. క్లాక్ (కోర్ తిరిగే వేగం, మెగాహెర్ట్జ్ లెక్కన) పెరిగితే వాట్స్ అదే లెక్కన పెరుగుతయి, వోల్టేజీ పెరిగితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతయి. 1 వోల్టు నుంచి 0.7కు దించితే 0.7 × 0.7, అంటే 0.49, క్లాక్ ముట్టకపోయినా కోర్ తినేది సగానికి వడుతది. కాని అంత తక్కువ వోల్టేజీల పెద్ద క్లాక్ నిలవదు, అందుకే రెండూ కలిపి దించాలె. చాలామంది పవర్ లిమిట్ (ఇన్ని వాట్స్ దాటొద్దు అనే హద్దు) ఒక్కటి గుంజి వదిలేస్తరు, అప్పుడు కార్డు ఆ లిమిట్ లోపట ఎక్కుకుంట దిగుకుంట ఉంటది, నాకైతే నచ్చదు. క్లాక్ ఒక్క కాడ లాక్ చేసుడే మేలు.

నా దగ్గరున్నది ఎన్విడియా 1660 సూపర్ కార్డు, కంపెనీ లెక్క 125 వాట్స్. విండోస్‌ల ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే గీత వస్తది, కింద వోల్టేజీ, ఎడమ దిక్కు క్లాక్. కావాల్సిన చుక్క మీద నొక్కి ఎల్ కొట్టి అప్లై చేస్తే ఆడనే ఆగుతది. మైనింగుకని చేసిన లినక్స్ సిస్టం హైవ్‌ఓఎస్‌లనయితే కోర్ డబ్బాల 1500 అని పూరా నంబర్ రాస్తే చాలు, వోల్టేజీ దానెంబడే దిగుతది. ఎన్విడియా 10 సిరీస్ పాత కార్డులకు లినక్స్‌ల ఈ లాక్ పనిచేయదు, వాళ్లు విండోస్ గీత మీదనే చేసుకోవాలె.

మెమరీ ముట్టకుండ 1500 కాడ లాక్ చేసి పది నిమిషాలు చూసిన, హాష్ (తవ్వే వేగం) అట్లనే ఉన్నది, మీటర్ దిగింది. 1400, 1300, 1200, అదే కథ. 1100 దాక కదల్లేదు. 1000 కాడికి రాంగనే హాష్ జారింది, నేను మళ్ల 1100కు ఎక్కిచ్చి ఆపిన. మీ కార్డుకు జారే జాగ వేరే ఉంటది, నా నంబర్ కాపీ కొట్టకుండ్రి, ఒకటే మోడల్ రెండు కార్డులే ఒక్క తీరు ఉండయి.

గప్పుడు మెమరీ. వంద వంద చొప్పున ఎక్కిచ్చుకుంట పోవాలె, విండోస్‌ల +900 అంటే లినక్స్‌ల +1800, ఇది మరిచి గాబరా పడకుండ్రి. మెమరీ పెరిగినంక కోర్ కొంచెం ఎక్కువ అడుగుతది, నేను 1100ని 1150 చేసిన. ఆఖరుకు 27 మెగాహాష్ ఉన్నది 31 అయింది, మీటర్ల 40 వాట్స్ తగ్గినయి, అంటే కార్డుకు రోజుకు దగ్గర దగ్గర ఒక యూనిట్.

ఒక యూనిట్‌కే ఇంత తిప్పలా అంటరా? 2022 సెప్టెంబర్ 15న పెద్ద కాయిన్ ఎథీరియం (క్లాసిక్ కాదు) మైనింగే బందయినంక కార్డులన్నీ చిన్న కాయిన్ల మీద పడ్డయి, లాభం పల్చబడ్డది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం ట్యాక్సు, అండ్ల మైనింగుకు కాల్చిన కరెంటు బిల్లు ఖర్చు కింద తీసేసుకోనియ్యరు. మన చేతుల ఉన్నది ఈ వాట్సే.

నేను చేసిన తప్పు ఒకటి చెప్త. జనవరి రాత్రి మెమరీ +1150 పెట్టి పండుకున్న, మంచిగ నడిచింది, అదే సెట్టింగు ఏప్రిల్ దాక వదిలేసిన. మా నల్లగొండ ఎండ తెలుసు గదా, పగటి పూట మెమరీ కాగి తప్పుడు షేర్లు (పూల్‌కు, అంటే మైనర్లంత కలిసి తవ్వే సర్వర్‌కు, పంపే జవాబులు) పడుడు మొదలయింది, స్క్రీన్ మీద మాత్రం 32 అని దర్జాగ కనవడుతుండె. పూల్‌ల చూస్తే 26. అప్పటిసంది పూల్ చూపెట్టిందే లెక్క అనుకుంటున్న. పరీక్ష పెట్టేది ఉంటే పగటి రెండు గంటలకు పెట్టుండ్రి.

ఊర్లల్ల ఉన్నోళ్లకు ఇంకోటి, త్రీఫేజ్ రాంగనే బోరు మోటార్లన్నీ ఒక్కసారే స్టార్టయి ఇంట్ల ఓల్టేజీ దబ్బున పడుతది, మిషన్ రీస్టార్టయితే మీరు వోల్టేజీ దించినదాన్ని (అండర్‌వోల్ట్) తిట్టకుండ్రి, ముందు ఇంట్ల బల్బు దిక్కు చూడుండ్రి. ఒక రాత్రి, ఒక పగలు దాటినంకనే ఆఫ్టర్‌బర్నర్‌ల స్టార్టప్ టిక్కు (మిషన్ లేచినప్పుడల్లా అదే సెట్టింగు పెట్టేది) పెట్టుండ్రి, లేకుంటే తప్పు సెట్టింగుతోనే మళ్ల లేస్తది.

వచ్చే పాఠంల రావెన్‌కాయిన్. అండ్ల కోర్‌కు పని ఎక్కువ, ఇయ్యాల రాసుకున్న కోర్ నంబర్ ఆడ పనికిరాదు, మీటర్ మాత్రం సాకెట్‌కే ఉంచుండ్రి.